యాభై ఏడు రాని పేజీ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు, నా దగ్గర కెమిస్ట్రీ చదివిన ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది. బీకరు పగిలినా కోపమే, లెక్కలో పాయింటు జారినా కోపమే. కోపం వచ్చిన ప్రతిసారీ న్యాయం నా వైపే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం కొన్నేళ్ల కిందట ఒక థర్మామీటర్ దగ్గర పోయింది. ఎలా పోయిందో రాస్తున్నాను.

నేను పనిచేసేది గద్వాల ఊరి చివర, అయిజకు పోయే రోడ్డు పక్కనున్న ఆడపిల్లల గురుకులంలో. సొంత భవనం వస్తుంది వస్తుంది అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఇంకా అద్దె కట్టడంలోనే ఉన్నాం. తరగతి గదులకు వంక పెట్టలేం. ల్యాబ్ మాత్రం వెనకున్న రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో పత్తి నిల్వ చేసేవాళ్లట. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే పైనున్న దూలాల సందుల్లోంచి దూది పింజలు రాలి బల్లల మీద పడతాయి. మధ్యాహ్నం రెండు దాటితే చలికాలంలో కూడా ఆ షెడ్డు లోపల చెమట పడుతుంది.

అక్కడ మేం ఏటా చేయించే ప్రయోగాల్లో ఒకటి న్యూట్రలైజేషన్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఆసిడ్ ద్రావణం కొంత, కాస్టిక్ సోడా ద్రావణం అంతే కొలత, రెండూ కలిపితే ఆ మంట, ఈ మంట పోయి ఉప్పునీళ్లు మిగులుతాయి. అలా అయ్యేటప్పుడు వేడి పుడుతుంది. ఎంత పుట్టిందో తెలుసుకోవడానికి కలపకముందు ఎన్ని డిగ్రీలున్నాయో చూడాలి, కలిపాక ఎన్ని డిగ్రీలకు పెరిగిందో చూడాలి, ఆ తేడాతో లెక్క కట్టాలి. పుస్తకంలో దాని పేరు ఎంథాల్పీ మార్పు. జవాబు కూడా పుస్తకంలోనే ఉంటుంది. మోలుకు యాభై ఏడు కిలోజౌల్స్, పైన ఒక పిసరు.

చిక్కంతా ఆ జవాబు ముందే తెలిసి ఉండటంలో ఉంది. జవాబు తెలిశాక ఏ పిల్లయినా చివరి నుంచి మొదటికి లెక్క చేసుకుంటుంది. యాభై ఏడు రావాలంటే ఆరు పాయింట్ ఎనిమిది డిగ్రీలు పెరగాలి. కలపకముందు ముప్పై నాలుగు ఉంటే, కలిపాక నలభై పాయింట్ ఎనిమిది అని రాసుకుంటే సరిపోతుంది. మా దగ్గర దీన్ని వెనక లెక్క అంటారు. సీనియర్ల రికార్డుల నుంచి జూనియర్లకు దక్కే ఆస్తి ఇదే. నేనూ అలాగే చదివాను. మాది తిమ్మాజిపేట దగ్గర పల్లె, ఇంటర్ నాగర్‌కర్నూల్‌లో. అప్పుడు మా ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక థర్మామీటర్‌ను దూరం నుంచి చూశానే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. అయినా నా రికార్డులో యాభై ఏడు పాయింట్ ఒకటి వచ్చింది. పక్కన మా సార్ గుడ్ అని రాసి సంతకం పెట్టారు. ఆ రికార్డు ఇంట్లో ఇనుప పెట్టెలో ఇంకా ఉంది.

ల్యాబ్‌లో నాకు తోడు మా అటెండర్. యాభై అయిదు దాటిన మనిషి. పిల్లలు తాత అంటారు, నేను అన్నా అంటాను. ఇక్కడికి రాకముందు సున్నం బట్టీల్లో పనిచేశాడు, మేస్త్రీల వెంట పుణె దాకా పోయి గోడలకు సున్నాలు వేశాడు. ఎడమ మోచేతి కింద పెద్ద కాలిన మచ్చ ఉంటుంది. ద్రావణాలు ముందురోజే నేను కలిపి పెడతాను. సీసాలు భద్రం చేయడం, బల్లల దగ్గరికి తెచ్చి పోయడం ఆయన పని. కాస్టిక్ సోడా సీసానైతే పిల్లల్ని తాకనివ్వడు. తనే వరండాలోంచి తెచ్చి, ఒక్కో జట్టుకు కొలిచి పోసి, మళ్లీ తీసుకెళ్లి పెట్టేస్తాడు. ఎక్కడ పెడతాడో నేనెప్పుడూ అడగలేదు. సీసా వేళకు బల్ల మీదికి వస్తోంది కదా, చాలనుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పుస్తకం ప్రకారం ఆసిడ్‌ను ఒకసారి, సోడాను ఒకసారి, రెండింటినీ విడివిడిగా థర్మామీటర్‌తో చూడాలి. మా ల్యాబ్‌లో పగలకుండా మిగిలిన థర్మామీటర్లు మూడు. పిల్లలు నలభై మంది. రెండూ ఒకే చోట ఉన్నాయి, రెండూ ఒకే వేడి ఉంటాయి, ఆసిడ్ ఒక్కటి చూసుకోండి చాలు అని నేనే చెప్పేదాన్ని. అలా చెబితే గంట సమయం మిగిలేది. ఆ గంటలో ఇంకో పాఠం లాగించేసేదాన్ని.

ఆ ఏడు జనవరి చివర, ప్రాక్టికల్ పరీక్షలకు రెండు వారాలుండగా ఈ ప్రయోగం పెట్టాను. సాయంత్రానికి ముప్పై తొమ్మిది రికార్డుల్లో యాభై ఏడు వచ్చింది. నలభయ్యో రికార్డులో ఇరవై తొమ్మిది వచ్చింది.

ఆ పిల్లది అయిజ అవతల పల్లె. తల్లిదండ్రులు నాలుగెకరాలు కౌలుకు పట్టి, కంపెనీలకిచ్చే విత్తన పత్తి వేస్తారు. దాన్ని అందరూ సీడ్ పత్తి అంటారు. క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. మార్కులు మధ్యరకం. ఇలాంటి పిల్లలు చదువు చెప్పేవాళ్లకు ఎక్కువ రోజులు గుర్తుండరు, ఆ తప్పు కూడా మాదే.

రికార్డు తెచ్చి నా ముందు పెట్టింది. ముందు ముప్పై నాలుగు, తర్వాత ముప్పై ఏడున్నర. పెరిగింది మూడున్నర డిగ్రీలు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. రావలసిన దాంట్లో సగం వచ్చింది, అంతే. నాకు ఒళ్లు మండింది. థర్మాకోల్ గ్లాసు మీద మూత పెట్టావా, వెంటనే కలిపావా, థర్మామీటర్ ఎప్పుడు చూశావు అని గద్దించాను. చెప్పినట్టే చేశానంది. మరి వీళ్లందరికీ వచ్చిన జవాబు నీకొక్కదానికే ఎందుకు రాలేదంటే, తెల్వదు మేడం అంది. ఎర్ర పెన్ను తీసి ఆ జవాబు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పెద్ద అక్షరాలతో తప్పు అని రాశాను. ఎంత గట్టిగా నొక్కానంటే అచ్చు కింది పేజీలో కూడా పడింది. రేపు సరిచేసి తెమ్మన్నాను.

సరిచేసి తేవడమంటే ఏమిటో ఆ నలభై మందికీ తెలుసు. అంకె మార్చి తేవడం.

మర్నాడు తెచ్చింది. అంకె మార్చలేదు. మధ్యాహ్నం అన్నానికి పోకుండా, అటెండర్‌ను బతిమాలి సోడా పోయించుకుని, ప్రయోగం మళ్లీ చేసిందట. కొత్త పేజీలో కొత్త లెక్క. ఈసారి జవాబు ముప్పై.

నేను అరవలేదు. నేను అరవకుండా మాట్లాడానంటే అది ఇంకా చెడ్డ కోపమని పిల్లలకు తెలుసు. యాభై ఏడు వచ్చేదాకా రికార్డు మీద సంతకం పెట్టనని చెప్పాను. నా సంతకం లేనిదే ప్రిన్సిపల్ సీలు పడదు. సీలు లేని రికార్డుతో ప్రాక్టికల్స్‌కు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్స్ పోతే ఏడాది పోయినట్టే. ఇవన్నీ ఆ పిల్లకు తెలిసినవే, అయినా ఒక్కొక్క వేలూ మడిచి మళ్లీ చెప్పాను. అంతా విని, రికార్డు తీసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు రాలేదు. మిగతా అందరి రికార్డుల మీదా సీళ్లు పడిపోయాయి. ప్రిన్సిపల్ సార్ పిలిచి, ఒక రికార్డు తగ్గుతోందేమని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వి, పిల్లను ఎందుకు పరేషాన్ చేస్తారు మేడం, మీరే ఆ అంకె దిద్ది సంతకం పెట్టేయండి అన్నారు. నేను కుదరదన్నాను. క్రమశిక్షణ అని ఏదో చెప్పాను కానీ అది క్రమశిక్షణ కాదు. పదిహేడేళ్ల పిల్ల నా మాట కాదనడం నాకు మింగుడుపడలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం నేనే కబురు పెట్టి ల్యాబ్‌కు పిలిపించాను. అటెండర్ కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు పోయాడు. షెడ్డులో మేమిద్దరమే. ఒక్క అంకె మారిస్తే నీ సొమ్మేం పోతుంది, చేతులారా ఏడాది ఎందుకు పోగొట్టుకుంటావు అని అడిగాను. చాలాసేపు బల్ల మీది దూది పింజను వేలితో చుడుతూ నిలబడింది. నీళ్లు నములుతుందిలే అనుకున్నాను. కానీ చెప్పడం మొదలుపెట్టింది.

"మాది సీడ్ పత్తి మేడం. సాయంత్రం మొగ్గలు ఒల్సి లోపలి పుప్పొడి తీసి పెడ్తం, పొద్దుగాల మగపువ్వు తెచ్చి రుద్దుతం. రుద్దినదానికి గుర్తుకు దారం కడ్తం. ఒల్వకుండ మిగిలిన మొగ్గ పొద్దుగాల విచ్చుకుంటె దాని పుప్పొడి దానికే అంటుతది, దాన్ని తెంపి పారెయ్యాలె. ఫస్టియర్ల ఉన్నప్పుడు దసరా సెలవులల్ల నాకు నాలుగు సాళ్లు అప్పజెప్పిన్రు. ఎండకు చాతగాక, ఒల్వని పూలకు గూడ దారం కట్టుకుంట పోయిన. నాయిన దారాలు చూసి మస్తు చేసినవ్ బిడ్డా అన్నడు."

తర్వాత ఏమైందని అడిగాను.

"గింజలు టెస్టుకు పోయినయి. కల్తీ అని లాట్ ఫెయిల్ చేసిన్రు. పక్క చేన్ల పుప్పొడి వచ్చి పడ్డదని నాయిన ఆ చేను ఆయనతోటి కొట్లాడిండు. ఇప్పటికి మాటల్లేవు. ఎందుకు ఫెయిలైందో నాకొక్కదానికే ఎర్క మేడం. ఇంట్ల ఇయ్యాల్టిదాంక చెప్పలే."

అక్కడ ఆగి, నా వైపు చూడకుండానే ఇంకో మాట అంది.

"మీరు దారం కట్టమంటె కడ్త మేడం. యాభై ఏడు రాసుడు ఎంతసేపు. గని నేను చూసింది గా అంకె కాదు."

నాకు ముందుగా కలిగింది జాలి కాదు, సిగ్గు. నా ఇనుప పెట్టెలోని రికార్డు, దాని మీద మా సార్ రాసిన గుడ్ కళ్ల ముందు కదిలాయి. అయినా నా నోరు అంత తొందరగా దిగిరాదు. సరే, ఈసారి ప్రయోగం నేను చేస్తాను, నువ్వు పక్కన నిలబడి చూడు, నాకెంత వస్తే అంత రాసుకో, సంతకం పెడతానన్నాను. సరేనంది. నాకు యాభై ఏడు వచ్చి తీరుతుందనే నా ధీమా.

ఆసిడ్ సీసా బల్ల మీదే ఉంది. సోడా సీసా కనిపించలేదు. అల్మారాలో చూశాను, సింకు కింద చూశాను. తాత వరండాల రంజన్ కాడ పెడ్తడు మేడం అంది ఆ పిల్ల. నేనే పోయాను.

వరండా మూలన పిల్లలు తాగే నీళ్ల రంజన్ ఉంటుంది. నడుము ఎత్తు మట్టి జాడీ. నీళ్లు చల్లబడటానికి దాని కింద ఇసుక పోసి, రోజూ తడుపుతుంటారు. ఆ తడి ఇసుకలోనే రంజన్ పక్కన, మెడ దాకా పాతిపెట్టి, పైన తడి గోనెపట్టా కప్పి, మా సోడా సీసా ఉంది. తాగే నీళ్ల పక్కన కాస్టిక్ సోడా ఏమిటనుకున్నాను. గోనెపట్టా తీసి సీసాను పైకి లాగాను. అరచేతికి చల్లగా తగిలింది.

అలాగే లోపలికి తెచ్చి, థర్మామీటర్ ముంచాను. పాదరసం దిగుతూ పోయి ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. తుడిచి ఆసిడ్‌లో పెట్టాను. ముప్పై నాలుగు.

చిన్న క్లాసు పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క. ఇరవై ఎనిమిది డిగ్రీల నీళ్లు, ముప్పై నాలుగు డిగ్రీల నీళ్లు సమానంగా కలిస్తే ముప్పై ఒకటి అవుతుంది. వేడి అక్కడి నుంచి పెరుగుతుంది. మేం మాత్రం ముప్పై నాలుగు నుంచి లెక్కపెడుతున్నాం. పుట్టిన వేడిలో దాదాపు సగం మా లెక్కలోకి రాకుండానే పోతోంది. ఆ పిల్ల రాసిన ఇరవై తొమ్మిది, తర్వాతి ముప్పై, రెండూ తను చూసినవి చూసినట్టు రాసినవే. నలభై మంది ప్రయోగం చేస్తే కళ్లతో చూసినదాన్ని రాసింది ఆమె ఒక్కతే. దాని మీద నేను తప్పు అని రాశాను.

నేను ఇక్కడికి వచ్చిన ఆరేళ్లుగా ప్రతి బ్యాచ్‌కూ ఇలాగే జరిగి ఉండాలి. ఏ ఒక్క పిల్లయినా చూసింది రాసి ఉంటే మొదటి ఏడే బయటపడేది. రాయనివ్వనిది నేనే.

నేను లేచి స్టూలు ఆ పిల్లకిచ్చి, నువ్వే చెయ్యమన్నాను. ఈసారి రెండింటినీ విడివిడిగా చూసింది. థర్మాకోల్ గ్లాసులో కలిపి, మూత పెట్టి, పాదరసం ఎక్కడ ఆగుతుందా అని వంగి చూసింది. ముప్పై ఒకటి నుంచి ముప్పై ఏడున్నర. ఆరున్నర డిగ్రీలు. లెక్క కడితే యాభై నాలుగు పాయింట్ మూడు.

ఇంకా దాదాపు మూడు తక్కువుంది మేడం, రాయాల్నా అని అడిగింది. వేడిని గ్లాసు కొంత తాగుతుంది, గాలి కొంత తీసుకుపోతుంది, వచ్చింది వచ్చినట్టు రాయమన్నాను. రాసింది. పెన్ను మూత పెట్టి, మరి మావోళ్లందరికి యాభై ఏడు ఎట్లొచ్చింది మేడం అంది. వెటకారం కాదు. జవాబు ఆమెకూ తెలుసు, నా నోట వినాలనిపించిందేమో. నేనే రాయించానని చెప్పాను.

సంతకం పెట్టేముందు, మొదటి పేజీ చింపేసి ఇది ఒక్కటే ఉంచుకో, ఎర్ర గీత కనిపిస్తే పరీక్షకు వచ్చేవాళ్లు మార్కులు కోస్తారని చెప్పాను. అలా చెప్పింది ఆ పిల్ల మీద ప్రేమతోనో, నా పరువు మీద ప్రేమతోనో నాకే తెలియదు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఉండనియ్యిండ్రి మేడం. అదిగూడ అయిన సంగతే గద," అంది. మూడు పేజీల మీదా సంతకం పెట్టాను.

మర్నాడు అటెండర్‌ను అడిగాను. చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపించాడు. బట్టీలో ఉన్నప్పుడు, చల్లారిందనుకుని సున్నం తొట్టిలో చెయ్యి పెడితే లోపల ఉడుకుతూనే ఉందట. నేను కాస్టిక్ సోడా బిళ్లలు నీళ్లలో వేసినప్పుడు జాడీ చెయ్యి పెట్టలేనంతగా కాగడం ఆయన చూశాడు. ఇదీ సున్నం జాతే, ఎండకు ఎప్పుడు పొంగుతుందో తెలియదని, పిల్లల మీద పడుతుందేమోనన్న భయంతో మొదటి ఏడు నుంచీ తడి ఇసుకలో పెడుతున్నాడు. అంత జాగ్రత్త నాకు చెప్పలేదేమంటే, మీరు అడగలే గద మేడం అన్నాడు. నిజమే. నా వల్ల పిల్ల ఏడాది పోతుండెనా అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే, నీ వల్ల కాదన్నా, చూడొద్దని చెప్పింది నేను అన్నాను. సీసాను తాగే నీళ్ల దగ్గర మాత్రం వద్దని ఒప్పించాను. షెడ్డు వెనకాల దానికి వేరే ఇసుక గుంట చేసుకున్నాడు. ఇప్పటికీ అక్కడే పెడతాడు, మేం రెండూ చూసుకుంటాం.

మిగిలిన ముప్పై తొమ్మిది మందితో ప్రయోగం మళ్లీ చేయించాను. పరీక్షలు వారంలో ఉండగా, సీళ్లు పడ్డ రికార్డుల్లో కొత్త పేజీలేమిటని ప్రిన్సిపల్ సార్ మొహం మాడ్చుకున్నారు. పిల్లలు నన్నేమీ అనలేక, దీని వల్లే వచ్చిందంతా అని ఆ పిల్ల మీద గుర్రుమన్నారు. హాస్టల్లో రెండు రోజులు ఎవరూ దానితో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. ఈసారి వెనక లెక్క వద్దని గట్టిగా చెప్పాను. యాభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా వచ్చాయి. పక్కపక్క బల్లల వాళ్లవి కూడా కలవలేదు. ఒక ల్యాబ్‌లో ఇన్ని వేరువేరు అంకెలు రావడం నేను చూడటం అదే మొదటిసారి.

పరీక్ష రోజు ఎగ్జామినర్‌గా వనపర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రికార్డులు తిరగేస్తూ, మీ పిల్లల్లో ఒక్కరికీ సరైన జవాబు రాలేదేంది మేడం అన్నారు. ఎవరికి వచ్చింది వాళ్లు రాశారు సార్ అన్నాను. ఆయనకు నచ్చినట్టు లేదు. అలా తిప్పుతూ తిప్పుతూ ఎర్ర గీత ఉన్న పేజీ దగ్గర ఆగారు. ఆ పిల్లను పిలిచారు. ఇంత పెద్దగా తప్పు అని రాసి ఉంటే, దీన్ని రికార్డులో ఎందుకు ఉంచావు, ఈ తప్పు ఎవరిది అని అడిగారు.

ఆ పిల్ల నా వైపు చూసి తల దించుకుంది. లెక్క ఎంతైనా చెప్పగలదు. మా మేడంది అని ఎలా చెబుతుంది? రికార్డు మార్కులు వేసే పెన్ను ఆయన చేతిలో ఉంది. మిగతా పిల్లలంతా బ్యూరెట్లు వదిలేసి చూస్తున్నారు. తలుపు దగ్గర అటెండర్ నిలబడ్డాడు. కోపం వస్తే ఎంత గట్టిగా అరిచేదాన్నో అంత గట్టిగా, "తప్పు నాది సార్," అన్నాను.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు. ఇసుక సంగతి, థర్మామీటర్ సంగతి, యాభై ఏడు రాకపోతే సంతకం పెట్టనన్న సంగతి వరసగా చెప్పాను. నేను చెబుతుండగానే ఆ పిల్ల బయటికి పోయి, అటెండర్ వద్దంటున్నా వినకుండా సీసా తెచ్చి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, ఆయన చేతికిచ్చింది. పట్టుకుని చూడుండ్రి సార్ అంది. ఆయన పట్టుకున్నారు. కాసేపు అటూ ఇటూ తిప్పి, రెండో చేత్తో కూడా తడిమి, మీ మేడంకు చల్లగా తగిలిందన్నమాట అని నవ్వారు. ఆ పిల్లకు రికార్డు మార్కులు పూర్తిగా వేశారు. నన్ను ఏమీ అనలేదు.

రాత పరీక్షలన్నీ అయిపోయాక పిల్లల్ని ఇళ్లకు తీసుకుపోవడానికి తల్లిదండ్రులు వచ్చారు. నేను ల్యాబ్‌లో సామాన్లు సర్దుతున్నాను. ఒకాయన తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ల్యాబ్‌లో చెప్పులు విడవద్దు, గాజు ముక్కలుంటాయన్నాను. పర్వాలేదు మేడం అని, తను ఫలానా పిల్ల తండ్రినని చెప్పుకున్నాడు. నడివయసు మనిషి. ఏటా పత్తి మొగ్గలు ఒలిచి ఒలిచి వేళ్ల కొనలు కాయలు కాచి ఉన్నాయి.

"మొన్న శివరాత్రి పండుగకు ఇంటికొచ్చినప్పుడు మా బిడ్డ దారాల సంగతి చెప్పింది మేడం," అన్నాడు. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలేదు, ఇప్పుడెందుకు చెప్తున్నవ్ అన్న. మా మేడం అందరి ముంగట తప్పు నాదే అన్నది నాయినా, గందుకే నేను గూడ చెప్తున్న అన్నది."

నేను చేతిలోని బీకరు బల్ల మీద పెట్టాను. మీరేమన్నారని అడిగాను. తిట్టి ఉంటాడేమో, కొట్టి ఉంటాడేమో అని నిజంగా భయమేసింది.

"ఏమంట మేడం. పోయి పక్క చేను ఆయన కాళ్లు పట్టుకున్న. ఈ యేడు గూడ గా నాలుగు సాళ్లు దానికే ఇస్త."